పొలుసా, పెంకా?

సందేహం: మా బడి గోడపత్రికలో పిల్లలు ఏటోసార్ అనే అంతరించిన జంతువు బొమ్మ వేసి, కింద "పొలుసుల రాక్షసబల్లి" అని రాశారు. ఈ మాట సరైనదేనా మాస్టారూ?
– ఒక ఉపాధ్యాయురాలు, ఆమదాలవలస

సమాధానం: రెండు మాటలూ మార్చాలమ్మా. "రాక్షసబల్లి" తెలుగులో డైనోసార్‌కు స్థిరపడిపోయింది. ఏటోసార్ డైనోసార్ కాదు. దాదాపు 23 కోట్ల ఏళ్ల కిందట, ట్రయాసిక్ యుగం చివరి భాగంలో బతికిన ఈ జంతువు మొసళ్ల వైపు చుట్టం. తెలంగాణలో, ప్రాణహిత–గోదావరి లోయలోని ధర్మారం రాతిపొరల్లో దొరికిన ఏటోసార్‌కు 2023లో పెట్టిన పేరు వెంకటాసూకస్. సూకస్ అంటే మొసలే.

అసలు చిక్కు "పొలుసు"తో ఉంది. చేప పొలుసు కత్తితో గీకితే ఎగిరిపడుతుంది, గోరులా పల్చన. ఏటోసార్ ఒంటిమీద ఉన్నది చర్మంలోనే పెరిగిన దళసరి ఎముక. మీ పిల్లల్ని ఏమీ అనకండి, ఇక్కడ పొరబడినవాళ్లలో మహాపండితుడే ఉన్నాడు. స్కాట్లండ్‌లో ఎల్గిన్ దగ్గర ఇసుకరాతిలో దొరికిన ఆనవాళ్లను చూసి, చేపల శిలాజాల పండితుడు లూయీ అగాసీ చేప అనుకున్నాడు. 1844లో స్టాగనోలెపిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో లెపిస్ అంటే పొలుసు. మరిన్ని ఎముకలు బయటపడ్డాక, 1859లో ఇంగ్లండు జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ అది సరీసృపమని రాశాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది శాస్త్రజ్ఞుల నియమం కాబట్టి పేరు అలాగే ఉండిపోయింది. తెలుగులో రాసే మనకు ఆ కట్టుబాటు లేదు.

నేనైతే "పెంకు" అంటాను. మన పల్లెల్లో పెంకుటింటి కప్పు చూడండి. పై వరస పెంకు అంచు కింది వరస నెత్తిన ఎక్కి ఉంటుంది. ఏటోసార్ వీపున మెడ నుంచి తోక దాకా అచ్చం అదే అమరిక. ముందు వరస వెనకంచు, తర్వాతి వరస ముందంచును కప్పుతుంది. కింద దాగే ఆ ముందంచు నున్నగా ఉంటుంది, బయటికి కనబడే భాగం నిండా గుంటలూ గాడులూ. అస్థిపంజరం మొత్తంగా దొరకడం అరుదు, ఎక్కువగా చేతికొచ్చేవి ఈ పెంకులే. వాటి ఆకారం, గుంటల తీరు చూసే ఇది ఏ రకమో చాలావరకు తేలుస్తారు. అంతటి ఆధారానికి పేరు తప్పుగా ఉండకూడదు కదా!

గుడ్డు పెంకుతో కలవకుండా "ఎముక పెంకు" అనండి. గోడపత్రికలో "ఎముక పెంకుల ఏటోసార్, మొసలికి చుట్టం" అని రాయించండి. అలుగు (పాంగోలిన్) బొమ్మ కింద కూడా పెంకులని దిద్దించేరు సుమా, అవి మాత్రం ఎముక కాదు, పొలుసులే.