చీలమండ తిప్పలు, వింబుల్డన్ కప్పు

ప్రశ్న: జర్మనీ టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ 17 ఏళ్లకే వింబుల్డన్ గెలిచాడు కదా, అది గాలివాటమేనా? అంతకుముందు అతనెవరికైనా తెలుసా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: గాలివాటం అని నేనూ అనుకున్నానండీ, అప్పట్లో ఇంటర్ చదువుతున్నా. పేపర్లో ఫొటో చూసి, ఎర్రజుట్టు కుర్రాడికి లాటరీ తగిలిందన్నాను. తర్వాత చదివితే తెలిసింది, అంతకుముందు ఏడాది కథే వేరని. 1984లో అదే వింబుల్డన్‌లో మూడో రౌండులో చీలమండ దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికెళ్లాడు!

1985 జూన్‌లో లండన్ క్వీన్స్ క్లబ్ టోర్నీ గెలిచాడు, అదే అతని మొదటి పెద్ద టైటిల్. అయినా వింబుల్డన్‌లో సీడింగ్ (బలమైన ఆటగాళ్లకు టోర్నీకి ముందే ఇచ్చే ర్యాంకు) లేదు. మూడో రౌండులో స్వీడన్ ఆటగాడు నైస్ట్రామ్ మీద ఐదో సెట్ 9-7తో గట్టెక్కాడు. నాలుగో రౌండులో టిమ్ మేయొట్‌తో ఆడుతుంటే మళ్లీ చీలమండ బెణికింది. ఇక నా వల్ల కాదని షేక్‌హ్యాండ్ ఇచ్చి మ్యాచ్ వదిలేయడానికి నెట్ దగ్గరికి నడిచాడట. మేయొట్ దూరంగా, బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర ఉన్నాడు. ఈలోగా గ్యాలరీలోంచి కోచ్ బాష్, మేనేజర్ తిరియాక్ ఆగమని అరిచారు. కట్టు కట్టించుకుని ఆ మ్యాచ్ గెలిచాడు. మేయొట్ నెట్ దగ్గరే ఉండుంటే?

ఫైనల్లో కెవిన్ కర్రెన్ మీద 6-3, 6-7, 7-6, 6-4తో గెలిచాడు. కర్రెన్ అప్పటికే ఆ టోర్నీలో మెకన్రో, కానర్స్ లాంటి దిగ్గజాలను ఇంటికి పంపినవాడు. మరుసటేడు ఫైనల్లో మరో దిగ్గజం లెండిల్‌ని వరుస సెట్లలో ఓడించి మళ్లీ కప్పు పట్టుకెళ్లాడు. నా లాటరీ మాట అప్పుడే వెనక్కి తీసుకున్నాను.