సంఘం లోన్ వచ్చినా డబ్బు ఆడవాళ్ల చేతిలో ఎందుకు నిలవదు?

"డ్వాక్రా సంఘాలు వచ్చి ఇన్నేళ్లయినా ఇంట్లో పెత్తనం మగవాళ్లదే కదా, వీటివల్ల ఒరిగిందేంటి?" అని అడిగారు. నెల్లూరు జిల్లాలో మా ఊరి సంఘాలకు కొన్నేళ్లు లెక్కలు రాశాను కాబట్టి చూసింది చెప్తాను.

ఒరిగింది చాలానే ఉందండీ. 1992 ప్రాంతంలో మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. మా అమ్మ తరంలో బ్యాంకు గడప తొక్కనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు వాళ్లే మేనేజర్ ఎదురుగా కూర్చుని లోన్ ఎందుకు ఆలస్యమైందని నిలదీస్తున్నారు.

చిక్కంతా డబ్బు ఇంటికొచ్చాక. కాగితంలో "పాడి గేదె" అని రాస్తాం. ఆ డబ్బేమో ఆయన పాత అప్పుకో, ఆడబిడ్డ కాన్పుకో పోతుంది. కిస్తీ మాత్రం ఆమే కూలికెళ్లి కట్టాలి. నిజంగా గేదె కొన్నా అంతే. గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు పితికేది ఆమె. పాల కేంద్రంలో పుస్తకం ఆయన పేరు మీద, బిల్లు ఆయన చేతికి.

మా సంఘంలో ఒకామె పట్టుబట్టి ఆ పుస్తకం తన పేరుకు మార్పించుకుంది. బిల్లు తన ఖాతాలోనే పడేది, అయినా డబ్బు చిక్కలేదు. ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు మొగుడిది మరి! మెసేజ్, ఓటీపీ అన్నీ ఆయనకే. చిన్న ఫోన్ కొనుక్కుని నంబరు మార్పించాక గానీ తన సంపాదన ఎంతో ఆమెకు తెలియలేదు. ఇంట్లో మాటలు బందయ్యాయి. అత్తగారు రోజూ సాధించేది. సంఘంవాళ్లం నలుగురం వెళ్లి కూర్చుని మాట్లాడాం. ఒక్కతే అడిగితే తన్నులు తినే ఇళ్లున్నాయి, అందుకే సంఘం కావాలంటాను. తర్వాతి గేదెను బేరమాడి కొన్నది ఆమే.

భూమి దగ్గర మాత్రం ఇంత కూడా కదల్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా అని ఎన్టీఆర్ హయాంలో 1986లోనే మన రాష్ట్రంలో చట్టం తెచ్చారు, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇప్పటికీ "కట్నం ఇచ్చాం కదా" అని సంతకం పెట్టించుకుంటారు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆడపిల్లలూ పెట్టేస్తారు. పొలం పట్టాదారు పాస్‌బుక్ తన పేరున లేక పంట రుణం ఆమెకు రాదు, పొలంలో నడుం విరిగేది మాత్రం ఆమెకే.

మీ ఊళ్లో సంఘం ఉంటే వచ్చే సమావేశంలో అందరి ఖాతాలకూ ఎవరి నంబరు ఉందో అడగండి. మార్చాలంటే ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని ఆమే బ్రాంచికి వెళ్లాలి. తోడుగా ఇంకో ఇద్దరు వెళ్లండి.