మొదటి తుపాకీ కోర్సు: ఏది ఎంచుకోవాలి?

ఇంతవరకు తుపాకీ పట్టుకోలేదని రాశారు. మాజీ సైనికుడు నేర్పే 'వేగంగా కాల్చడం' కోర్సులో చేరాలా, మామూలు ప్రాథమిక కోర్సులోనా అని అడిగారు. ప్రాథమిక కోర్సులోనే చేరండి, ఇందులో నాకు సందేహం లేదు. సైన్యంలో అనుభవం గొప్పదే, కానీ బాగా కాల్చగలిగినవాళ్లందరికీ కొత్తవాళ్లకు నేర్పే ఓపిక ఉండదు.

డబ్బు కట్టేముందు ఒక క్లాసు చూడనివ్వమని అడగండి. కాల్చే వరుసలో ఉన్న విద్యార్థి ఏదో అడగబోయి వెనక్కి తిరుగుతాడు, చేతిలోని తుపాకీ గొట్టం కూడా అతనితో పాటే తిరుగుతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటిది. ఆ క్షణంలో శిక్షకుడు ఏం చేస్తాడో గమనించండి. మంచివాడైతే అక్కడికక్కడే ఆపి, గొట్టాన్ని లక్ష్యం వైపు తిప్పించి, ట్రిగ్గర్ మీద వేలు ఉందేమో చూస్తాడు. నవ్వి వదిలేస్తే ఆ కోర్సు వద్దు. ఖాళీదేనని చెబుతూ తనే మనుషుల వైపు గురిపెట్టి చూపించేవాడైతే వెంటనే బయటికి వచ్చేయండి.

ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులో అడగండి. ఎంత తక్కువైతే అంత మంచిది. కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. ఎవరికైనా గాయమైతే ఏం చేస్తారో కూడా అడగండి. రక్తస్రావం ఆపడానికి బిగించి కట్టే పట్టీ (టూర్నికే) ఎక్కడుందో, అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేస్తారో తడుముకోకుండా చెప్పాలి. మొదటి గంటల్లో తూటాలు లేకుండానే పట్టు, నిలబడే తీరు, ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయిస్తారా? చేయిస్తే నిశ్చింతగా చేరవచ్చు.