అవతార్ కార్టూన్ మా ఇంట్లో గొడవైంది

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. ఇద్దరూ నెట్‌ఫ్లిక్స్‌లో ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ చూస్తున్నారు. మొన్న బాబు బాసిపట్లు వేసుకుని కూర్చుని ‘నా చక్రాలు తెరుచుకుంటున్నాయి’ అంటుంటే మావారు చూసి టీవీ కట్టేశారు. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో ఒక అన్నయ్య అది దురాత్మల బోధ అని చెప్పారట. నాకైతే అది అతి అనిపిస్తోంది. మాది మతాంతర పెళ్లి, మా అమ్మావాళ్లు హిందువులు. ఇప్పుడు బాబు స్నేహితుడి ఇంట్లో దొంగచాటుగా చూస్తున్నాడు. పాప రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. మా ఇద్దరిలో ఎవరిది సరైన మాట?

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం. దానికి ఏ వాదనా అక్కర్లేదు. ఆ షోకి అమెరికాలో ఇచ్చిన రేటింగ్ టీవీ-వై7, అంటే ఏడేళ్లు, ఆ పైవాళ్లకి. మొదటి సీజన్ చివర్లో ముఖాలు దొంగిలించే ఆత్మ ఒకటి వస్తుంది. దాని ముందు భయమో కోపమో ముఖంలో కనిపిస్తే చాలు, ఆ ముఖం పోయినట్టే. ఆరేళ్ల పిల్ల నిద్రకి ముందు చూడదగ్గది కాదది. పాపకి ఈ షో ఇవాళే ఆపేయండి. పడుకునే ముందు గంటసేపు ఏ స్క్రీనూ వద్దు. భయపెట్టిన బొమ్మ ఏదో పగటిపూట కాగితం మీద గీయమనండి. రాత్రి ప్రార్థన చిన్నగా, మామూలుగా చేయండి. ‘కార్టూన్‌లోంచి దెయ్యాలు ఇంట్లోకి వస్తాయి’ అన్న మాట మాత్రం ఆమె చెవిన పడనివ్వొద్దు. భయపడుతున్న పిల్లకి ఆ మాటే సాక్ష్యం అవుతుంది.

ఇక మీ ఇద్దరి సంగతి. మీవారి అభ్యంతరం గాల్లోంచి వచ్చింది కాదు. రెండో సీజన్‌లో ‘ద గురు’ అనే ఎపిసోడ్ ఉంది. అందులో పతిక్ అనే గురువు, కథానాయకుడైన ఆంగ్ అనే కుర్రాడికి ఏడు చక్రాల గురించి వరసగా నేర్పుతాడు. భయం, అపరాధభావం, సిగ్గు, దుఃఖం, అబద్ధం, భ్రమ, లోక బంధాలు, వీటిలో ఒక్కొక్కటి ఒక్కో చక్రాన్ని మూసేస్తుందంటాడు. ఆంగే ఆ అవతార్. అతని పాత జన్మలవాళ్లు వచ్చి అతనితో మాట్లాడతారు. సగటు అమెరికన్ కుటుంబానికి ఇదంతా వింత ఊహాలోకం. తెలుగు ఇంట్లో మాత్రం చక్రం, అవతారం, పునర్జన్మ నిజంగా కోట్లమంది నమ్మే, ఆచరించే విషయాలు. అందుకే ‘కార్టూనే కదా’ అన్న మీ మాట ఆయనకి జవాబు కాదు.

అలాగని అన్నయ్యగారి మాటా నిలబడదు. కథలో ఏముంది, కథ దేన్ని మెచ్చుకుంటోంది, పిల్లాడు దేన్ని పట్టుకున్నాడు, ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. చక్రాల బోధ కథలో ఉంది, కథ దాన్ని మెచ్చుకుంటుంది కూడా. ఆ రెండూ దాచాల్సిన పని లేదు. మూడోది తెలియాలంటే బాబునే అడగాలి. తొమ్మిదేళ్ల పిల్లాడికి సాధారణంగా కావలసింది మోక్షం కాదు, చేత్తో నీళ్లు లేపే శక్తి. ‘చక్రం తెరుచుకుంటే ఏమవుతుందిరా?’ అని మామూలుగా అడగండి. ‘గాల్లో ఎగరొచ్చు’ అంటే అది ఆట. ‘అలా చేస్తే భయం పోతుంది’ అంటే మాత్రం అతన్ని ఏదో భయపెడుతోంది. అప్పుడు షో పక్కనపెట్టి ఆ భయమేమిటో కనుక్కోండి.

బైబిలు వాక్యం విషయానికొస్తే, ద్వితీయోపదేశకాండము 18 సోదె చెప్పడం, మంత్రం వేయడం, చచ్చినవాళ్ల దగ్గర విచారించడం లాంటి పనుల్ని నిషేధిస్తుంది. అవి చేయడం వేరు, కథలో చూడటం వేరు. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్య నేర్చుకున్నారు, రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీసుకున్నారు. పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి మనసు పరితపించినవాడే, అయినా ఆ ఊరివాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల కవుల మాటే ఎత్తుకున్నాడు. మీ పక్షానికి ఇవి బలం. కానీ రోమా 14 మీ ఇద్దరికీ వర్తిస్తుంది: తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఈ షో విషయంలో మీరు తినేవారి చోట ఉన్నారు. ‘అతి’ అన్న మీ మాటలో ఆ తృణీకారమే ఉంది. మీవారికేమో టీవీ కట్టేసినంత తేలిక కాదు తీర్పు ఆపుకోవడం.

ఈ తగువు మీతో మొదలైంది కూడా కాదు. 1980ల్లో అమెరికాలో కొందరు బోధకులు స్మర్ఫ్స్, హీ-మ్యాన్ కార్టూన్ల మీద ఇలాగే విరుచుకుపడ్డారు. పోకీమాన్ కూడా సైతానుదేనని అక్కడ ప్రసంగాలు నడుస్తుండగా, 2000లో ఇటలీలోని ఒక కాథలిక్ టీవీ ఛానెల్ అదే పోకీమాన్‌ని మెచ్చుకుంది. మన సండే స్కూల్ పిల్లలు చూసే బైబిలు కార్టూన్ సూపర్‌బుక్ పుట్టింది 1981లో, జపాన్‌లో, అక్కడి యానిమే స్టూడియో చేతుల్లో. ‘క్రైస్తవ కార్టూన్ పెడితే సరిపోతుంది’ అనుకోవడమూ అంత తేలిక కాదు. క్రైస్తవ కార్టూన్ వెజ్జీటేల్స్ సృష్టికర్త ఫిల్ విషర్ 2011లో ఒక ఇంటర్వ్యూలో తానే ఒప్పుకున్నాడు: పిల్లలకి క్రైస్తవుల్లా మెలగడం నేర్పానే తప్ప క్రైస్తవ్యం నేర్పలేదని.

ఇప్పుడు చేయాల్సింది. పిల్లలు పడుకున్నాక మీరిద్దరే కూర్చుని రెండు ఎపిసోడ్లు చూడండి. ఒకటి ‘ద గురు’. రెండోది మూడో సీజన్ చివర్లో, జూకో అనే రాకుమారుడు తాను ద్రోహం చేసిన పెదనాన్న ఐరో దగ్గరికి తిరిగొచ్చేది. జూకో క్షమాపణ పూర్తి చేయకముందే ఐరో అతన్ని దగ్గరికి లాక్కుంటాడు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో ఎపిసోడ్ ఇరవైమూడు నిమిషాలే. చూస్తున్నంతసేపు వాదించొద్దు. అయ్యాక ఎవరికి ఏది ఇబ్బంది అనిపించిందో విడివిడిగా కాగితం మీద రాసి, అప్పుడు మార్చుకోండి. ‘మొత్తం చెడ్డది’, ‘ఏమీ లేదు’ అని రాయకూడదు. సన్నివేశం పేరు చెప్పి రాయాలి. సాధారణంగా మాట తెగేది ఇక్కడే: చూడని షో గురించి ఒకరు, సగం వింటూ వంట చేసుకున్న షో గురించి మరొకరు వాదిస్తుంటారు.

చూశాక కూడా మీవారి మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఇంట్లో వద్దు, అంతే. అప్పుడు బాబుతో ‘నాన్న వద్దన్నారు’ అనకండి, ‘మేమిద్దరం అనుకున్నాం’ అనండి. ఒప్పుకుంటే ఒక నెల ఇలా చేసి చూడండి: హాల్లోనే, పెద్దవాళ్లు ఒకరు పక్కనుండగా, రోజుకి ఒక్క ఎపిసోడ్. నెట్‌ఫ్లిక్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలవకుండా ఆటోప్లే ఆపేయండి. పాప ప్రొఫైల్‌లో ఈ షో పేరు పెట్టి బ్లాక్ చేయండి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి. పిన్ లేకపోతే పాప మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి చూసేస్తుంది. అయ్యాక ఒకటి రెండు ప్రశ్నలు చాలు: ఇందులో ఎవరు ఎవర్ని క్షమించారు? మనం నమ్మేదానికి ఏది వేరుగా ఉంది? ప్రతిసారీ అడిగితే పరీక్షలా మారి పిల్లాడు నోరు విప్పడు.

దొంగచాటు చూపుకి శిక్ష వేయొద్దు, ఊరుకోనూ వద్దు. ‘చూశావని కాదు, మాకు చెప్పకుండా చూశావని బాధ’ అని ఒక్కసారి చెప్పండి. స్నేహితుడి అమ్మకి ఫోన్ చేసి, మా ఇంట్లో ఇది ఇంకా తేల్చుకోలేదు, మావాడు వచ్చినప్పుడు వేరేది పెట్టండి అంటే చాలు. కారణాలు వివరించక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన మీ అమ్మగారి గురించి. ‘చక్రాలు సాతానువి’ అని ఇంట్లో విన్న పిల్లాడు వీడియో కాల్‌లో అమ్మమ్మ యోగా చేస్తుంటే ‘అమ్మమ్మా, నీకు దెయ్యం పట్టిందా?’ అని అడుగుతాడు. అడక్కపోతే మనసులో అనుకుంటాడు, అది ఇంకా చెడ్డది. అందుకని దురాత్మ అన్న మాట పిల్లల ముందు వాడకుండా మీవారిని ఒప్పించండి. బాబుకి ఇలా చెప్పొచ్చు: ‘కార్టూన్‌లోది కథ. అమ్మమ్మావాళ్ల నమ్మకం వేరు, మనం ప్రార్థించేది యేసుప్రభువుకి. అమ్మమ్మని ఎప్పుడూ వెక్కిరించకూడదు.’ ఈ మాట మీకంటే మీవారి నోటివెంట వస్తే మంచిది.

ఫెలోషిప్ అన్నయ్యతో మీరు వాదానికి దిగొద్దు. మళ్లీ అడిగితే ‘చూశాం అన్నయ్యా, మాట్లాడుకున్నాం’ అని మీవారే చెప్తారు. షో ఆపేసి మూడు నాలుగు వారాలైనా పాప భయం తగ్గకపోయినా, నిద్రలో కేకలు వేస్తున్నా పిల్లల డాక్టరుకి చూపించండి.