మొదటి బంతి దొరికినా నాలుగో దెబ్బగా ఎందుకు లెక్కించారు?

ఆఫీసు ముగిశాక గోల్ఫ్‌లో ఆడిన తొమ్మిది హోల్స్‌లో, పొదల్లోకి పోయిన మీ మొదటి బంతి దొరికినప్పటికీ మీ మిత్రుడు దానిని ఒప్పుకోకుండా, రెండో బంతితో మీ తర్వాతి దెబ్బను నాలుగోదిగా లెక్కించడానికి కారణం, రెండో బంతిని ‘ప్రొవిజనల్’ (మొదటిది దొరకదేమోనని కొట్టే తాత్కాలిక బంతి) అని మీరు ముందుగా ప్రకటించకపోవడమే అయి ఉంటుంది.

1. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరే, కొట్టకముందే, "ఇది ప్రొవిజనల్" అని స్పష్టంగా చెప్పాలి. ఊరికే "ఇంకొకటి కొడతాను" అంటే చాలదు. చీకటి పడుతున్న తొందరలో చాలామంది అంతటితో ఆపేస్తారు. అప్పుడు ఆ రెండో బంతే ఆటలోకి వచ్చి, ఒక పెనాల్టీ దెబ్బ కలిసి, తర్వాతిది నాలుగో దెబ్బ అవుతుంది. మీ మిత్రుడి లెక్క సరైనదే.

2. వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు.

3. ఆలోగా మొదటి బంతి హద్దు లోపల దొరికితే, ప్రొవిజనల్‌ను వదిలి దానినే ఆడాలి.