కప్పులు కాదు, పైకప్పు

చిరంజీవి మానసకు ఆశీస్సులు.

పోర్చుగల్‌లోని పోర్టో నుంచి, అక్కడి ఫుట్‌సాల్ (హాల్లో జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్‌బాల్) మీద నువ్వు రాసి పంపిన పదకొండు పేజీల వ్యాసం మంగళవారం అందింది. ఒకసారి చదివి పక్కన పడేశాను. కోపం వచ్చింది. రాత్రి భోజనమయ్యాక మనసొప్పక మళ్లీ తీశాను. చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ కోపమూ, ఆ వాక్యమూ కలిసి ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు కోపం సంగతి. ఆరో పేజీలో ఇలా రాశావు: "2002–03 తర్వాత పోర్చుగల్ ఫుట్‌సాల్ లీగ్ చరిత్రలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బెన్ఫికా, లేదంటే స్పోర్టింగ్." ఆ కింద ఒక పట్టిక. ఏడాది, విజేత, ఏడాది, విజేత. అంతటితో ఇరవై ఏళ్లు అయిపోయాయి.

ఇరవై ఏళ్లకు పైగా ఆ పట్టికలో లిస్బన్‌లోని ఆ రెండు పెద్ద క్లబ్బులు తప్ప మూడో పేరు లేదన్న మాట నిజమే. కానీ అమ్మా, చరిత్ర మొదలయ్యేది అక్కడే కదా! అంతకు ముందు పేర్లు చూడు. లీగ్ 1990–91లో మొదలైంది. ఆ దశాబ్దంలో స్పోర్టింగ్ ఎక్కువసార్లు గెలిచినా, మధ్యలో కొర్రేయు ద మన్యా అనే జట్టు కూడా ఛాంపియన్ అయింది. ఆ మాటకు అర్థం 'ఉదయపు టపా'. అది లిస్బన్‌లో అచ్చయ్యే ఒక దినపత్రిక పేరు! పత్రిక పేరు మోస్తున్న జట్టు దేశానికి ఛాంపియన్ అయితే, పత్రికకు వ్యాసం రాయాలనుకుంటున్న నువ్వు దాన్ని ఒక గడిలో పెట్టి దాటిపోయావు. ఆ జట్టు ఎక్కడ సాధన చేసింది? హాలు అద్దె ఎవరు కట్టారు? నాకు తెలుసుకోవాలని ఉంది. నీకు ఎందుకు అనిపించలేదు?

తర్వాత మిరామార్, 1999–2000. తర్వాత ఫ్రెయిషియెయిరు, 2001–02. మిరామార్ వాళ్లది నది అవతల గాయా. ఫ్రెయిషియెయిరు వాళ్లది మతుజీన్యుష్ వైపు. రెండూ నువ్వుండే ఊరి పక్కనే. మెట్రో ఎక్కితే అరపూట పని. పదకొండు పేజీలూ గదిలో కూర్చుని రాశావని నాకు అర్థమైంది. వెళ్లి చూసినవాళ్ల రాతలో ఎక్కడో ఒకచోట వాసన తగులుతుంది, చెమటదో, రబ్బరుదో, పక్కనున్న కాఫీ కొట్టుదో. నీ పేజీల్లో ఏ వాసనా లేదు.

నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్న మాటే నీకూ చెబుతాను. ఆటల చరిత్ర అంటే కప్పుల చరిత్ర కాదు, పైకప్పు చరిత్ర. ఆ ఆట ఎవరి నీడన బతికింది, దీపాలు ఎవరు వెలిగించారు, నేల ఎవరు తుడిచారు, తాళం ఎవరి జేబులో ఉండేది. ఇవి తెలిస్తే ఎవరు గెలిచారన్నది దానంతటదే అర్థమవుతుంది. ఇవి తెలియకుండా ఎవరు గెలిచారో మాత్రమే తెలిస్తే ఏమీ తెలియనట్టే.

ఫుట్‌సాల్ విషయంలో ఈ మాట ఇంకా నిజం. అది పుట్టిందే పైకప్పు కింద. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో వైఎంసీఏలో పనిచేసే హువాన్ కార్లోస్ సెరియానీ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ ఆటను తయారుచేశాడు. ఆ ఏడే ఉరుగ్వే మొదటి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచింది. ఊళ్లో పిల్లలందరికీ ఫుట్‌బాల్ పిచ్చి, ఆడటానికి సరిపడా మైదానాలు లేవు. ఉన్నది బాస్కెట్‌బాల్ కోర్టు. అందుకే జట్టుకు ఐదుగురు. గోల్‌పోస్టు హ్యాండ్‌బాల్ కొలతల్లో, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. గోల్‌కీపర్ నియమాలు వాటర్‌పోలో నుంచి. తర్వాత బంతి కూడా ఎక్కువ ఎగరకుండా తయారైంది. అంటే హాలే ఆటను చెక్కింది. ఇంత విషయాన్ని నువ్వు "1930లో ఉరుగ్వేలో పుట్టింది" అని నాలుగు మాటల్లో తేల్చేసి, ఆటగాడు రికార్డిన్యు గోల్స్‌కు మాత్రం రెండు పేజీలు ఇచ్చావు.

ఆ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 'రికార్డిన్హో' అని రాశావు. అక్కడి మనుషుల నోట రోజూ వింటూ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ఎందుకు రాస్తావు? విన్నది విన్నట్టు రాయి. తెలుగు లిపికి ఆ శక్తి ఉంది. ఉచ్చారణ గురించి నువ్వు అడిగినదానికి నా జవాబు ఇంతే.

నీ మొదటి వాక్యం "చిన్న దేశం, పెద్ద కల" కొట్టెయ్యి. ఈ మధ్య ఎవరి వ్యాసం తెరిచినా ఇదే మొదలు. ఐస్‌లాండ్ మీద రాసినా ఇదే, క్రొయేషియా మీద రాసినా ఇదే. పోర్చుగల్ ఎంత చిన్నదో చెప్పు చాలు. దాని విస్తీర్ణం సుమారు 92 వేల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణది లక్షా 12 వేలు. జనాభా కోటి దాటి కొంచెం, తెలంగాణ జనంలో మూడో వంతు కూడా ఉండరు. ఈ రెండు ముక్కలు చెబితే చదివేవాడి కళ్లముందు దేశం నిలబడుతుంది. కల సంగతి వాడే చూసుకుంటాడు.

1987లో నేను ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌ని. లైన్ అకౌంట్ మీద డబ్బులిచ్చేవాళ్లు, అచ్చయిన లైనుకు ఇంత అని. కృష్ణా జిల్లాలో ఒక ఊళ్లో బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు జరిగింది. రెండు రాత్రులు, ఫ్లడ్‌లైట్లలో. ఆ ఊళ్లో అప్పుడు కరెంటు ఎంత అధ్వానమంటే, ట్యూబులైటు వెలగడానికి మూడుసార్లు ఆలోచించేది. లైట్లకు లైను ఎక్కడిదని కనుక్కుంటే, పక్కనున్న రైసు మిల్లాయన ఇచ్చాడని తెలిసింది. వోల్టేజి పడిపోకుండా ఉండాలని రెండు రాత్రులూ మిల్లు ఆపేశాడు. కోతలయ్యాక, మిల్లు ఒక్క పూట ఆగితే నష్టం లెక్కపెట్టుకునే రోజుల్లో! నేను ఆయన దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడాను. కుర్రతనంలో తానూ ఆడాడట, మోకాలు పోయిందట. మూడు పేజీలు రాసి కవరు ఆర్టీసీ బస్సులో పంపాను. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. గెలిచిన జట్టు పేరు, ఓడిన జట్టు పేరు, స్కోరు, బహుమతులు ఇచ్చిన నాయకుడి పేరు.

డెస్కుకు ఫోన్ చేసి అడిగితే, "ఆటల వార్తకు మిల్లెందుకండీ, ఫలితం చాలు" అన్నారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, ఊరుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మిల్లాయన మనవడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తాతగారి గురించి ఎక్కడైనా ఒక్క ముక్క అచ్చయిందా అని అడిగాడు. మిల్లు అప్పటికే లేదు, ఫంక్షన్ హాలు అయిపోయింది. నా రాతప్రతి నేను దాచుకోలేదు. ఆ కుర్రాడి చేతిలో పెట్టడానికి నా దగ్గర ఆ నాలుగు లైన్లే ఉన్నాయి, వాటిలో వాళ్ల తాత లేడు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. నీ పట్టిక చూసి నాకు కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

మన చరిత్రనూ ఇలాగే పాడుచేసుకున్నాం. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిందని అందరూ రాస్తారు. వాళ్లకు కోచ్ రహీం సాబ్ అనీ రాస్తారు. సాయంత్రం డ్యూటీ దిగి ఆ జవాన్లు ఏం తిని మైదానానికి వచ్చేవాళ్లో ఎవరూ రాయలేదు.

సరే, నీ వ్యాసం దగ్గరికి వద్దాం. 2002–03 దగ్గర గీత ఎందుకు గీయాల్సి వచ్చిందో వెతుకు. బెన్ఫికా ఫుట్‌సాల్ విభాగం పెట్టింది 2001లో. రెండో సీజన్‌లోనే టైటిల్. అంత పెద్ద క్లబ్బుకు సభ్యుల చందాలున్నాయి, జెర్సీ మీద పేరుకు స్పాన్సర్లు వరస కడతారు. ఒకే గొడుగు కింద హ్యాండ్‌బాల్, వాలీబాల్, రోలర్ హాకీ అన్నీ నడుస్తాయి. గల్లీ క్లబ్బు దీనికి ఎదురు నిలబడేదెలా? నువ్వు రెండు పేజీలు మెచ్చుకున్న రికార్డిన్యునే చూడు. గొందొమార్ కుర్రాడు. పొట్టిగా ఉన్నాడని ఎఫ్‌సీ పోర్టో వాళ్లు వద్దన్నారు. మిరామార్ చేరదీసింది. 2003లో బెన్ఫికాకు వెళ్లాడు. ఆ ఒక్క ప్రయాణంలో నీ లీగ్ చరిత్ర సగం ఉంది. మిరామార్ పెంచింది, బెన్ఫికా పంట కోసుకుంది. నువ్వు దాన్ని 'ఎదుగుదల' అని రాశావు. అతనికి ఎదుగుదలే. 2010లో ఒకసారి, 2014 నుంచి 2018 దాకా వరుసగా ఐదుసార్లు ప్రపంచంలో ఉత్తమ ఆటగాడయ్యాడు. మరి మిరామార్‌కు? ఛాంపియన్ల జాబితాలో ఆ పేరు మళ్లీ రాలేదు.

ఇలా అన్నానని పెద్ద క్లబ్బులను తిట్టి ఊరుకోకు, అది కూడా సులువైన దారే. స్పోర్టింగ్ సంగతి చూడు. అంత పెద్ద క్లబ్బుకూ చాలా ఏళ్లు సొంత ఇండోర్ హాలు లేదు. పాతది పోయాక ఒదివెలష్ లాంటి చోట్ల ఇతరుల హాళ్లలో ఆడారు. 2017లో జువావ్ రోషా పెవిలియన్ తెరిచారు. రెండేళ్లలో, 2019లో, కజకిస్తాన్‌లోని అల్మాటీ వెళ్లి కైరాత్ జట్టును వాళ్ల సొంత ఊళ్లోనే 2–1తో ఓడించి యూరప్ ఛాంపియన్లయ్యారు. 2021లో మళ్లీ, బార్సిలోనా చేతిలో 0–2 వెనకబడి 4–3తో గెలిచారు. సొంత ఇల్లు దొరికిన మనిషి నడకే మారిపోతుంది. కోచ్ నూను దియష్ 2012లోనే అక్కడికి వచ్చాడు, అంటే ఇల్లు లేని రోజులూ చూశాడు, ఇల్లు వచ్చాకా చూశాడు. నీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారే వచ్చింది, అదీ బ్రాకెట్‌లో!

జాతీయ జట్టు 2018లో యూరప్, 2021లో ప్రపంచకప్పు, 2022లో మళ్లీ యూరప్ గెలిచిందని రాశావు. బాగుంది. ప్రపంచకప్పు ఫైనల్లో అర్జెంటీనా మీద రెండు గోల్స్ కొట్టిన పానీ వరేలా అప్పట్లో స్పోర్టింగ్ వాడు. 2022లో టోర్నీ ఉత్తముడైన జికీ గినీ-బిస్సావులో పుట్టాడు, స్పోర్టింగ్ పిల్లల జట్టులో పెరిగాడు. నువ్వు చెప్పుకోవడానికి ఏమీ లేదన్న ఇరవై ఏళ్లు ఇవే.

ఫుందావ్‌ను పూర్తిగా వదిలేశావు. చెర్రీ పళ్లకు పేరున్న ఊరు, లోపలి కొండ ప్రాంతం. ఆ ఊరి జట్టు 2014లో పోర్చుగల్ కప్పు గెలిచింది. లీగ్ పట్టిక మాత్రమే చూస్తే ఆ ఊరు కనబడదు.

ఇంకో చోట నువ్వే ఒక మంచి పని చేసి, చేసినట్టు తెలుసుకోలేదు. 2019–20 ఎదురుగా విజేత గడిలో ఒక చిన్న గీత పెట్టావు. కోవిడ్ వల్ల ఆ సీజన్ మధ్యలో ఆగిపోయింది, ఛాంపియన్ లేడు. నీ పదకొండు పేజీల్లో నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసిన గడి అదొక్కటే. ఆ నెలల్లో తాళం పడిన హాళ్ల గురించి ఒక పేజీ రాయి. పట్టిక తీసేసినా ఫరవాలేదు.

మన దగ్గర లీగ్‌తో పోలిక పెట్టాలా అని అడిగావు. పెట్టు. 2016లో ఇక్కడ ప్రీమియర్ ఫుట్‌సాల్ అని హడావుడిగా మొదలుపెట్టారు. రిటైరైన పెద్ద పెద్ద ఫుట్‌బాల్ ఆటగాళ్లను విమానాల్లో దింపారు. 2017లో తెలుగు టైగర్స్ అనే జట్టు కూడా ఆడింది. రెండు సీజన్లతో ఆగిపోయింది. ఆ రోజుల్లో నేను వరుసగా ముగ్గురు ఎడిటర్లను అడిగాను, ఈ జట్టు పిల్లలు ఏడాదిలో మిగతా నెలలు ఎక్కడ సాధన చేస్తారో రాస్తానని. ఒకాయన "రొనాల్డీన్యో ఫొటో ఉంటే పంపండి" అన్నాడు. మిగతా ఇద్దరూ జవాబే ఇవ్వలేదు. ఫొటోల కింద వార్త రాసే అలవాటు వచ్చాక వార్త కోసం తిరిగే కాళ్లు పోయాయి. నీ తరం ఆ అలవాటులో పడకూడదని నా తాపత్రయం.

ఇక నన్ను ఆపేసిన వాక్యం. చివరి పేజీలో, ముగింపు కోసం అలంకారంగా పెట్టావు: "రాత్రి పది దాటాక కూడా మా ఎదురింటి స్కూలు హాల్లోంచి బూట్లు నేలకు రాసుకుని కీచుమనే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది." అమ్మా, నువ్వు రాసిన పేజీలన్నిటికీ అది మొదటి వాక్యం. అక్కడి నుంచి మొదలుపెట్టు. రాత్రి పదింటికి అక్కడ ఆడేవాళ్లు ఎవరు? పగలు ఏ పని చేసి వస్తారు? స్కూలు వాళ్లు హాలు ఊరికే ఇస్తారా, గంటకు ఇంత అని తీసుకుంటారా? మునిసిపాలిటీ ఏమైనా భరిస్తుందా? వాళ్లలో ఎవరైనా ఫ్రెయిషియెయిరు గెలిచిన ఏడాది ఆ మ్యాచ్ చూశారా? నీకు పోర్చుగీసు ఇంకా సరిగా రాదని రాశావు. ఆ సంగతే వాళ్లకు చెప్పు, మనుషులు నెమ్మదిగా మాట్లాడతారు.

మిగతా ప్రశ్నలకు ఇప్పుడు ఓపిక లేదు, కళ్లు లాగుతున్నాయి.

ఈ వారంలో ఒక రాత్రి రోడ్డు దాటి ఆ హాలుకు వెళ్లు. ఆట అయ్యేదాకా గోడవారన కూర్చో. అందరూ వెళ్లిపోయాక లైట్లు ఆర్పి తాళం వేసే మనిషి ఒకరుంటారు. ఆయన పేరు అడిగి, ఎన్నేళ్ల నుంచి ఆ తాళం ఆయన దగ్గర ఉందో కనుక్కుని నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న స్నేహితుడు