లాక్ తీసుకున్నా ఫైలు ఎందుకు ఖాళీ అవుతోంది?

ప్రశ్న: లినక్స్‌లో రెండు పైథాన్ ప్రోగ్రాములు ఒకే లెక్కల ఫైలులో రాస్తున్నాయి. ఒకటి రాస్తుండగా మరొకటి రాయకుండా లాక్‌ఎఫ్ (fcntl.lockf) అనే ఫంక్షన్‌తో లాక్ తీసుకుంటున్నా అప్పుడప్పుడు ఆ ఫైలు ఖాళీగా కనిపిస్తోంది. కారణమేమిటండీ?

జవాబు: మీరు ఫైలును ‘డబ్ల్యూ’ (రాసే) మోడ్‌లో తెరుస్తున్నట్లయితే, లాక్ అడగడానికి ముందే, తెరిచిన క్షణంలోనే అందులోని సమాచారమంతా చెరిగిపోతుంది, అందుచేత పక్కనే ఉంచిన వేరొక ఫైలుపై లాక్ తీసుకొని, ఆ తరువాతే అసలు ఫైలు జోలికి వెళ్లండి. పని ముగిశాక ఆ లాక్ ఫైలును తొలగించవద్దు.

లాక్‌ఎఫ్‌లో చాలామంది గమనించని ప్రమాదం మరొకటి ఉంది. ఆ లాక్ ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకు, చెందినది కనుక, అదే ప్రాసెస్‌లోని ఇంకొక ఫంక్షన్ ఆ ఫైలును కేవలం చదవడానికి తెరిచి మూసినా, మీరు పట్టుకున్న లాక్ ఏ హెచ్చరికా లేకుండా విడిపోతుంది. ఫ్లాక్ (fcntl.flock) అనే మరో లాక్ ఫంక్షన్‌కు ఈ ఇబ్బంది లేదు కాబట్టి, స్థానిక డిస్కుపై నేను దానినే సూచిస్తాను. అయితే రెండూ పరస్పర అంగీకారంపై నడిచేవే. లాక్ అడగని ప్రోగ్రామును లినక్స్ ఆపదు.

రాసేటప్పుడు కొత్త సమాచారాన్ని అదే డైరెక్టరీలోని తాత్కాలిక ఫైలులో రాసి, ఫ్లష్, ఎఫ్‌సింక్ చేసి (అంటే అది డిస్కుకు చేరేలా చూసి), ఆపై ఓఎస్.రీప్లేస్ (os.replace) ఫంక్షన్‌తో దాని పేరును అసలు పేరుకు మార్చండి. అప్పుడు చదివే ప్రోగ్రాముకు పాత ఫైలో కొత్త ఫైలో పూర్తిగా దొరుకుతుంది తప్ప, సగం రాసినది దొరకదు.